ఆరో వరస, పద్నాలుగో సీటు

న్యాయంగా ఆర్విన్ పోలాస్కి పేరు చెప్పగానే సాసేజీలు గుర్తుకు రావాలి. మామగారి నుంచి వచ్చిన మాంసం కొట్టు, ముప్పై నాలుగేళ్ళుగా అదే మిరియాల పాళ్ళు, అదే ఓక్ చెక్క పొగ. విస్కాన్సిన్‌లో ఆ నది పొడుగునా ఉన్న నాలుగైదు ఊళ్ళవాళ్ళు పెళ్ళికైనా, దినానికైనా అతని కొట్టుకే వచ్చేవాళ్ళు. అయినా కెసెల్ ఫాల్స్‌లో ఎవరినన్నా ఆపి ఆర్విన్ ఎవరని అడిగితే, "ఆ తన్నుడు జట్టు మీద అరిచే ఆయనేగా?" అని నవ్వేవాళ్ళు.

ఇక్కడి ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ, చేతికి, భుజానికి ఎక్కువ. బంతి పట్టుకుని దూసుకుపోయే పదకొండు మంది వేరు, వాళ్ళని పడగొట్టే పదకొండు మంది వేరు. ఊరి ముద్దూ మురిపెం అంతా ఈ రెండు జట్లకే. ఇవి కాక మూడో జట్టు ఒకటుంది. బంతిని కాలితో తన్నాల్సి వచ్చినప్పుడు మాత్రం లోపలికి పరిగెత్తి, పది సెకన్ల పని చేసి, బయటికి పరిగెత్తేస్తుంది. దానికి పెద్దింటి పేరు పెట్టారు, స్పెషల్ టీమ్ అని. ఊళ్ళో అందరికీ అది తన్నుడు జట్టే. ఆ పది సెకన్లలో జనం పాప్‌కార్న్ కోసం లేస్తారు. ఆర్విన్ ఆ పది సెకన్ల కోసమే వస్తాడు.

ఎందుకంటే చదువుకునే రోజుల్లో అతను ఆడింది ఆ జట్టులోనే. ఒక్క సీజను. కొట్టులో త్రాసు పైన ఫోటో ఉంది. అందులో చివరి వరసలో సగం చెవి కనిపిస్తుంది. ఆ చెవి తనదే అని ఆర్విన్ అంటాడు.

హైస్కూలు జట్టు పేరు స్టర్జన్స్. నదిలో దొరికే ముసలి చేప పేరు. ఆ ఏడాది చేపలాగే ఉంది జట్టు కూడా, ఒడ్డున పడేసిన చేపలాగా. గోల్ కొట్టిన ప్రతిసారీ బంతిని అవతలివాళ్ళకి తన్ని అప్పగించాలి. అప్పగించి, పట్టుకున్నవాడిని వెంటనే పడగొట్టాలి. మనవాళ్ళు అప్పగించడం వరకు బాగానే చేసేవారు. పట్టుకున్నవాడు మాత్రం నది వైపు అంచు వెంట, పొద్దున్నే వాకింగుకి వెళ్ళినట్టు, మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తి గోల్ కొట్టేసేవాడు. ఆరు ఆటల్లో ఐదుసార్లు జరిగిందిది.

"మళ్ళీనా!" అని ఆర్విన్ లేచి నిలబడ్డాడు ఆ శుక్రవారం సాయంత్రం. "మళ్ళీ అటేనా! ఒరేయ్ కోచ్, నీకు కళ్ళున్నాయా, ఆల్జీబ్రా పుస్తకంలో పెట్టి మూసేశావా!"

"కూర్చో ఆర్విన్, వెనకవాళ్ళకి అడ్డం," అంది అతని భార్య లూయాన్. ఆమె ఆటకి అల్లిక తెచ్చుకుంటుంది. మేజోడు అల్లుతూనే ఆట మొత్తం చూస్తుంది.

ఆ సీట్ల సంగతి చెప్పాలి. కెసెల్ ఫాల్స్ మైదానంలో బల్లల మీద నంబర్లు వేసి ఉంటాయి. ఏ నంబరు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. వీలునామాల్లో పొలం ఎవరికో రాయడం మరిచిపోయినవాళ్ళున్నారు కానీ సీటు ఎవరికో రాయడం మరిచిపోయినవాళ్ళు లేరు. ఆరో వరసలో పద్నాలుగో సీటు లూయాన్ తండ్రి హ్యాంక్‌ది. పెళ్ళిలో ఆయన అల్లుడి భుజం మీద చెయ్యేసి, "కొట్టు ఎలాగూ నీదే. సీటు కూడా నీదే," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలాంటి సీటు.

తర్వాత రెండేళ్ళకి మైదానానికి దీపాలు పెట్టారు. ఒక దీపస్తంభం సరిగ్గా పద్నాలుగో సీటుకి ఎదురుగా పడింది. రైలు పెట్టెలా లావుపాటి చెక్క స్తంభం. లూయాన్‌కి అడ్డం రాదు, అవతల కూర్చునే స్నేహితుడు గెరాల్డ్‌కి అడ్డం రాదు. ఆర్విన్‌కి మాత్రం మైదానం అవతలి అంచున, నది వైపు, ఓ ముక్క ఎప్పుడూ కనిపించదు. సీటు మార్చుకోమని ఎవరూ అనలేదు. అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆర్విన్ కూడా, ఇంట్లో పెద్దవాళ్ళ జబ్బుతో సర్దుకున్నట్టు, ఆ స్తంభంతో సర్దుకున్నాడు. కొన్నాళ్ళకి అది ఉందన్న సంగతే మరిచిపోయాడు.

"అటు చివర ఎవరూ లేరేంటి?" అంది లూయాన్, సూదితోనే నది వైపు చూపిస్తూ.

"అటు ఎప్పుడూ ఎవరూ ఉండరు," అన్నాడు ఆర్విన్. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. అక్కడ నేల చిత్తడి. పరిగెత్తేవాడు అటు వెళ్తే కూరుకుపోవాలి, అంతే. ఇదివరకు అందరూ కూరుకుపోయేవాళ్ళు. ఈ ఏడాదే ఏంటో ఒక్కడూ కూరుకుపోవట్లేదు."

లూయాన్ అతని మొహం వంక చూసింది. తర్వాత కుట్లు లెక్కపెట్టుకుంది.

"చిత్తడేంట్రా?" అన్నాడు గెరాల్డ్. "అక్కడ మా కోడీ ఆడాడు నాలుగేళ్ళు."

కోడీ అంటే గెరాల్డ్ చెల్లెలి కొడుకు, పోయినేడాది చదువు ముగించాడు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఆర్విన్ జాలిపడతాడు. కోడీ పట్టా పుచ్చుకున్న రోజున విందులో అతని వీపు తట్టి, "ఒక్క ఆటైనా దింపాల్సింది నిన్ను, పాపం," అన్నాడు. ఆ తర్వాత గెరాల్డ్ నెలరోజులు సాసేజీలు పక్క ఊళ్ళో కొన్నాడు. ఎందుకో ఆర్విన్‌కి ఇప్పటికీ తెలీదు.

"ఆడాడులే," అన్నాడు ఆర్విన్ మెత్తగా, పెద్దమనిషి తరహాలో.

తన్నుడు జట్టు కోచ్ పేరు నీల్ హాగెన్. ఇరవై ఆరేళ్ళు, లెక్కల మాస్టారు, చదరంగం క్లబ్బు కూడా చూస్తాడు. తను ఎప్పుడూ ఫుట్‌బాల్ ఆడలేదు. పాత కోచ్ అరిజోనాకి వెళ్ళిపోతే ఆ పని ఎవరూ ముట్టుకోలేదు. పెద్ద కోచ్ వర్నన్ స్టాల్ ఉపాధ్యాయుల గదిలోకి వచ్చి, తల ఎత్తి చూసినవాడికి అప్పగించాడు. తల ఎత్తినవాడు నీల్.

అతను ప్రతి శనివారం పొద్దున కొట్టుకి వచ్చి రెండు పౌన్ల బ్రాట్ సాసేజీలు కొంటాడు. సీజను మొదట్లో ఆర్విన్‌కి అతని మీద ప్రేమే ఉండేది. కుర్రాడికి తెలీదు, మనం చెప్పాలి అనుకున్నాడు. పొట్లం చుట్టే గోధుమరంగు కాగితం లోపలివైపు, పెన్సిలుతో తన పథకం గీసి ఇచ్చేవాడు. గుండ్రాలు, వాటి నుంచి బాణాలు. తన్నేవాడి వెనక మిగతావాళ్ళు విడివిడిగా పరిగెత్తకుండా, సాసేజీల దండలాగా ఒకరికొకరు ముడిపడ్డట్టు వంపు తిరిగి వెళ్ళాలి. ఈ దండ పథకం ఆర్విన్ బుర్రలో ముప్పై ఏళ్ళు నానింది.

"కాగితం పారెయ్యకు, కోచ్," అనేవాడు పొట్లం ఇస్తూ. "లోపల చూడు."

మర్నాటి శనివారం, "చూశావా?" అని అడిగేవాడు.

నీల్ చెవులు ఎర్రబడేవి. "బ్రాట్‌లు బావున్నాయి, మిస్టర్ పోలాస్కి," అనేవాడు నేల చూస్తూ.

అయితే పారేశాడన్నమాట. నాలుగు వారాలు అలా అడిగాక ఆర్విన్ మనసు విరిగిపోయింది. ఐదో వారం గీశాడు కానీ అడగలేదు. ఆరో వారం ఇంకో కాగితం చింపాడు. దాని మీద బొమ్మ లేదు. పైన పెద్ద అక్షరాలతో, నీల్ హాగెన్‌ని తన్నుడు జట్టు నుంచి తప్పించాలని కోరుతూ కింద సంతకం చేసినవారు, అని రాశాడు.

త్రాసు పక్కన పెట్టాడు దాన్ని. వారంలో డెబ్బై ఒక్క సంతకాలు వచ్చాయి. అందులో ఓ పదిమంది టర్కీ కోడి లాటరీ అనుకుని పెట్టారు. పోస్టాఫీసు జోయాన్ మెట్జ్‌గర్ కళ్ళజోడు పైకెత్తి మొత్తం చదివింది. జట్టు అభిమానుల సంఘానికి ఆమే అధ్యక్షురాలు. సంఘం ఒప్పుకుని ఇచ్చిన కాగితాన్ని స్కూలు బోర్డు కాదనదు.

"నీకు తెలుసుగా ఆర్విన్," అంది. "ఈ ఏడాది ఆ కుర్రాడి ఒప్పందంలో లెక్కలు, తన్నుడు జట్టు రెండూ కలిపి రాశారు. ఇది పోతే అదీ పోతుంది. ఊరు వదిలి వెళ్ళిపోవాల్సిందే."

"వెళ్ళనీ. లెక్కలు ఎవరైనా చెప్తారు."

"మా మనవరాలికి మొన్న మొదటిసారి లెక్కల్లో బి గ్రేడు వచ్చింది."

"అయితే సంతకం పెట్టకు."

ఆమె పెట్టలేదు. "సోమవారం సినిమాకి రా," అంది. "అక్కడే చదువు, అతని మొహం మీదే. వెనకాల ఇవ్వడం నాకు నచ్చదు."

సోమవారం సినిమా అంటే సంఘంవాళ్ళు బౌలింగ్ ఆట హాలు వెనక గదిలో కూడటం. శుక్రవారం ఆటని గోడ మీద వేసి, ముందు పెద్ద కోచ్, తర్వాత చిన్న కోచ్‌లు లేచి తప్పొప్పులు చెప్పుకుంటారు. సీజనంతా నడుస్తుంది. ఆర్విన్ ఎన్నడూ వెళ్ళలేదు. సోమవారం మాంసం రుబ్బే రోజు. పైగా, "కళ్ళారా చూసినదాన్ని మళ్ళీ గోడ మీద చూడ్డమేంటి?" అనేవాడు.

ఆ సోమవారం వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చంకలో చుట్టచుట్టిన గోధుమరంగు కాగితం. లూయాన్ పక్కన కూర్చుంది, ఒళ్ళో రెండో మేజోడు. గెరాల్డ్ జున్ను ముక్కల వేపుడు గిన్నె పట్టుకుని ముందు వరసలోనే ఉన్నాడు, ఉరితీత చూడ్డానికి వచ్చినట్టు. నీల్ మూల కుర్చీలో, మోకాళ్ళ మీద అరచేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్విన్ చంకలో కాగితం చూడగానే అతని మొహం వెలిగింది. చిన్నగా చెయ్యి కూడా ఊపాడు.

ఎందుకు ఊపాడు? ఆర్విన్‌కి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా చెయ్యి దానంతట అదే లేచి తిరిగి ఊపింది. తర్వాత దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

దీపాలు ఆర్పారు. గోడ మీద మైదానం వెలిగింది. మైదానం పక్కన, ఆట వ్యాఖ్యానం చెప్పే రేడియో గది కప్పు మీంచి తీసిన బొమ్మ అది. మధ్య నుంచి, ఎత్తు నుంచి. ఏ స్తంభమూ లేదు. మైదానం ఇంత వెడల్పా అనిపించింది ఆర్విన్‌కి. తన కొట్టుకి పక్కన ఇంకో గది ఉందని ఎవరో తలుపు తీసి చూపించినట్టుంది.

"ఇదిగో, ఇదీ మన వైభవం," అన్నాడు స్టాల్. మెడ లేని మనిషి, గొంతు కంకర మిషను. "చూడండి. తన్నాం. బాగానే తన్నాం. ఇప్పుడు చూడండి."

తన్నేవాడు తన్నాడు. మిగతావాళ్ళు కదిలారు. విడివిడిగా కాదు. ఒకరి వెనక ఒకరు, వంపు తిరిగి, ఎవరి దూరం వాళ్ళు తప్పకుండా.

ఆర్విన్ ముందుకి వంగాడు.

అది దండ. తన దండ. మూడో కాగితం మీద గీసిన వంపే, రెండో గుండ్రం దగ్గర కాస్త నొక్కులు పడ్డ వంపు. ఆ రోజు పెన్సిలు ఎముక ముక్కకి తగిలి జారింది. మైదానంలో కూడా రెండో కుర్రాడు సరిగ్గా అక్కడే, ఏ కారణమూ లేకుండా, ఓ అడుగు పక్కకి గెంతి మళ్ళీ దారిలోకి వస్తున్నాడు.

'పారెయ్యలేదు,' అనుకున్నాడు ఆర్విన్. ఒక్క క్షణం ఒళ్ళంతా పులకరించింది. తన బుర్రలోంచి పుట్టిన దండ, దీపాల వెలుగులో, ఆకుపచ్చ గడ్డి మీద! ఆ మరుక్షణమే బంతి పట్టుకున్నవాడు నది వైపు తిరిగాడు. దండ ఇవతల ఎంతో అందంగా వంగింది. అవతల ఒక్కడూ లేడు. వాడు హాయిగా వెళ్ళిపోయాడు.

"ఎందుకలా?" అన్నాడు ఆర్విన్ పైకే.

"అదేగా మేమూ అడుగుతున్నది!" అన్నాడు గెరాల్డ్ నోట్లో జున్నుతో.

"ఇది పోయినేడాదిది," అన్నాడు స్టాల్. "పక్కపక్కన పెట్టి చూడండి. అదే మైదానం, అదే తన్నుడు."

పాత కోచ్ కాలం బొమ్మ వచ్చింది. కుర్రాళ్ళు వరసగా నిలబడ్డారు. ఆర్విన్ అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. కొట్టులో దండకి ఎన్ని సాసేజీలో లెక్కపెట్టే అలవాటు. పది వచ్చాయి. వరస ఇంకా అవలేదు. నది వైపు అంచున, అందరికీ దూరంగా, ఒంటరిగా ఇంకో కుర్రాడున్నాడు. పదకొండు.

తన్నారు. పట్టుకున్నవాడు నది వైపు తిరిగాడు. ఆ ఒంటరి కుర్రాడు బాణంలా వచ్చి వాణ్ణి నడుం దగ్గర పట్టి, గడ్డి లేచేలా పడగొట్టాడు. ఇంకో బొమ్మ. మళ్ళీ అటే తిరిగాడొకడు, మళ్ళీ అతనే పడగొట్టాడు. చిత్తడి లేదు. బురద లేదు. ఎవరూ కూరుకుపోలేదు.

"ఆ కుర్రాడెవడు?" అని అడిగాడు ఆర్విన్.

గెరాల్డ్ గిన్నె కింద పెట్టాడు.

"ఏమన్నావ్?"

"ఆ చివర ఉన్నవాడు. ఎవడతను? భలే ఆడుతున్నాడు."

"మా కోడీ రా!" అని అరిచాడు గెరాల్డ్. "నాలుగేళ్ళు! నాలుగేళ్ళు నా పక్క సీట్లో కూర్చుని చూశావు! వాడు పడగొట్టినప్పుడల్లా నేను లేచి గెంతుతుంటే, నువ్వు నా పంట్లాం పట్టుకు లాగి 'పాపం చిత్తడిలో పడ్డాడు, దానికి గెంతుతావేం' అనేవాడివి! నిన్ను కొట్టకుండా ఎలా ఊరుకున్నానో ఆ దేవుడికే తెలియాలి!"

జనం నవ్వారు. ఆర్విన్ నవ్వలేదు. తను గీసిన కాగితాలన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరుగుతున్నాయి. ప్రతి దాని మీదా గుండ్రాలు. అన్నిట్లోనూ పదే. ముప్పై ఏళ్ళుగా తను చూసిన తన్నుడు జట్టులో పదిమందే. తన ఊళ్ళో, తన జట్టులో, త్రాసు పైన ఫోటోలో తన సగం చెవి ఉన్న జట్టులో, పదకొండోవాడు ఉంటాడని... తనకి తెలుసు కదా? తెలుసు. ఆట పదకొండు మందిదని ఎవరికి తెలీదు? మరి గుండ్రాలు ఎప్పుడూ ఎందుకు లెక్కపెట్టలేదు? చూసింది గీశాడు. చూసినదానికి లెక్కేంటి?

లేక లెక్కపెట్టాడా? ఏమో. ఏదీ సరిగా తోచలేదు.

"మిస్టర్ హాగెన్," అన్నాడు స్టాల్, "ఆ పదకొండోవాడిని ఎక్కడ పెట్టావు ఈ ఏడాది? చెప్పు, అందరూ వింటారు."

నీల్ లేచాడు. "తన్నేవాడి వెనకే నిలబెట్టాను, సార్. నా దగ్గరున్న... నేను చూసిన పథకంలో పదిమందే ఉన్నారు. ఒకడు మిగిలాడు. పొరపాటు అయ్యుండదు, ఇందులో నాకు తెలియని లోతేదో ఉంది అనుకున్నాను. మిగిలినవాడిని ఏం చెయ్యాలో తెలీక, కదలకుండా ఉండమన్నాను."

"ఎవడిదా పథకం?"

నీల్ నోరు తెరిచి, మూసి, ఆర్విన్ వైపు చూడకుండా ఉండటానికి గోడ గడియారం చూశాడు.

ఈ మౌనం ఎందుకో అందరికీ తెలుసు. స్టాల్‌కి ఒక నియమం ఉంది. బల్లల మీద కూర్చునేవాళ్ళ సలహా తన మైదానంలోకి తెచ్చిన కోచ్, బట్టలు మార్చుకునే గది నెల్లాళ్ళు తుడవాలి. కుర్రాడు వారం వారం చెవులెర్రగా చేసుకుని నేల చూసింది ఇందుకన్నమాట. బ్రాట్‌లు బావున్నాయి, మిస్టర్ పోలాస్కి.

"సరే," అంది జోయాన్, "ఆర్విన్ ఏదో చదవాలన్నాడు. రా ఆర్విన్."

ఆర్విన్ లేచాడు. కాళ్ళు గోడ దాకా తీసుకెళ్ళాయి. నీల్ మళ్ళీ వెలిగిపోతున్నాడు. ఇప్పుడు అర్థమైంది ఆ వెలుగు. అదే గోధుమరంగు కాగితం. కొత్త పథకం తెచ్చి, అందరి ముందూ తన పక్కన నిలబడటానికి వచ్చాడనుకుంటున్నాడు.

కాగితం విప్పాడు. డెబ్బై ఒక్క పేర్లు. తన చేతిరాతతో పెద్ద అక్షరాలు. గొంతు సవరించుకున్నాడు.

"కింద సంతకం చేసినవారు," అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "కింద సంతకం..." మళ్ళీ ఆగాడు. అప్పుడు కాగితాన్ని తిరగేశాడు. వెనకవైపు ఖాళీగా ఉంది. దాన్ని గోడకి ఆనించి, చెవి వెనక నుంచి పెన్సిలు తీశాడు. కొట్టులో లేనప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. గుండ్రాలు గీయడం మొదలుపెట్టాడు. గది మొత్తం అతని వీపు చూస్తోంది. పది గీశాడు. చెయ్యి పక్కకి జరిపి, చాలా దూరంగా, కాగితం అంచున పదకొండోది గీశాడు.

"ఇతను నాకు కనపడడు," అన్నాడు గోడతోనే. "స్తంభం ఉంది. నా సీటుకి ఎదురుగా. అందుకని నేను ఎప్పుడూ... ఆ దండ నాది. శనివారాలు నేనే గీసిచ్చాను. అతను నేను గీసింది గీసినట్టు చేశాడు. నేను తప్పు గీశాను. తప్పు చేస్తున్నాడని నేనే అరిచాను. ఇప్పుడు ఎవరి మీద అరవాలో..." తిరిగి చూశాడు. "నాకు తెలీట్లేదు."

వెనక నుంచి ఎవరో, "కాగితంలోంచి మా సంతకాలు ఇటు కనిపిస్తున్నాయి, నా పేరు మీదే గుండ్రం గీశాడు!" అన్నారు. ఇంకెవరో, "ఇంతకీ టర్కీ ఎవరికొచ్చింది?" అన్నారు.

"ఆర్విన్," అంది జోయాన్, "నాకు ఒక్కటి చెప్పు. కోచ్‌ని తీసెయ్యమంటావా, వద్దంటావా?"

"వద్దు," అన్నాడు. ఆ ఒక్కటీ తేలిగ్గా వచ్చింది. "ఉండనీ. మీ మనవరాలికి బి వచ్చిందిగా."

స్టాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మెడ ఉంటే తల ఊపేవాడే. "మాంసం పొట్లాల మీంచి వచ్చిందా నా తన్నుడు జట్టు!" అన్నాడు. "నియమం నియమమే. హాగెన్, నెల్లాళ్ళు తుడుపు."

"నేనూ వస్తాను," అన్నాడు ఆర్విన్. "నాకు తుడవడం వచ్చు."

ఇంటికి వెళ్తూ కారులో లూయాన్ అల్లిక సంచిలో పెట్టేసింది. తర్వాత, "అటు చివర ఒక పిల్లాడు ఉంటాడని నీకు తెలుసనుకున్నాను. నువ్వు కోడీ గురించి అన్నవన్నీ వేళాకోళం అనుకున్నాను," అంది.

"ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్నావుగా. చెప్పొచ్చుగా?"

"నువ్వు నన్నెప్పుడూ ఏం కనపడుతోందని అడగలేదుగా."

ఆర్విన్ జవాబు కోసం వెతికాడు. రెండు కూడళ్ళు దాటేవరకు వెతికాడు.

సీజనులో ఆఖరి ఆట వచ్చే శుక్రవారం. ఆర్విన్ మొత్తం మైదానం చూడాలనుకున్నాడు. కానీ ఎక్కడ కూర్చోవడం? ఊళ్ళో ప్రతి సీటూ ఎవరో ఒకరిది. సీట్లు మార్చుకుందామని లూయాన్‌ని అడిగాడు. "నాన్న నీకిచ్చాడు, నాక్కాదు," అంది ఆమె. ఇంత జరిగాక గెరాల్డ్‌ని అడిగే మొహం లేదు. ఎవరిదీ కాని సీట్లు ఒక్కచోటే ఉన్నాయి, నది వైపు, అవతలి ఊరివాళ్ళు కూర్చునే బల్లల మీద.

వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. చుట్టూ ఎర్ర కోట్లు. మధ్యలో ఆర్విన్ ఆకుపచ్చ కోటు. "దారి తప్పావా, తాతా?" అంది ఒకావిడ, వేడి సైడర్ పళ్ళరసం చేతికిస్తూ. అవునో కాదో చెప్పలేక తాగాడు. ఎదురుగా, దూరంగా, ఆరో వరసలో లూయాన్ చెయ్యి ఊపింది. ఆమె పక్కన పద్నాలుగో సీటు ఖాళీ. స్తంభం ఆ సీటునే చూస్తున్నట్టుంది.

మొదటి తన్నుడు. లెక్కపెట్టాడు. పదకొండు. పదకొండోవాడు సరిగ్గా అతని ముందు, పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. సన్నటి కుర్రాడు, బూటు లేసు ఊడింది. బంతి పైకి లేచింది. పట్టుకున్న ఎర్ర చొక్కా కుర్రాడు పోయిన ఆటల్లో స్టర్జన్స్ అలవాటు చూసుకుని నది వైపే తిరిగాడు. దండ లోపల వంగింది. లేసు ఊడిన కుర్రాడు అంచున కాచుకున్నాడు. ధడేలుమన్న శబ్దం ఆర్విన్ మోకాళ్ళకి తగిలింది.

"అదీ!" అని లేచి గెంతాడు ఆర్విన్. రెండు వందలమంది ఎర్ర కోట్లలో ఒక్కడే. సైడర్ ముందావిడ టోపీ మీద ఒలికింది. అవతల ఆరో వరసలో గెరాల్డ్ కూడా గెంతుతున్నాడు. ఈసారి అతని పంట్లాం పట్టుకు లాగేవాళ్ళు లేరు.

ఆట అంతా అలాగే నడిచింది. నది వైపు ఒక్కడూ పోలేదు. ఆఖరి నిమిషానికి స్టర్జన్స్ ఒక్క పాయింటు వెనక ఉన్నారు. గోల్ కొయ్యల మధ్యకి తన్నితే గెలుపు. దగ్గర తన్నుడే. తన్నుడు జట్టు లోపలికి పరిగెత్తింది. ఆర్విన్ రెండుసార్లు లెక్కపెట్టాడు. పదకొండు, పదకొండు. ఎదురుగా స్తంభం లేదు. అందరూ కనిపిస్తున్నారు. వేళ్ళు, బూట్లు, ఊపిరి పొగ కూడా. అంతా సరిగ్గానే ఉంది.

తన్నేవాడు తన్నాడు. బంతి ఎవరి చేతికో తగిలి, పైకి లేచి, వెనక్కి పడింది. ఎర్ర కోట్లు గోల పెట్టాయి.

ఆర్విన్ నిలబడే ఉన్నాడు. ఎవడు వదిలాడు? ఎటు నుంచి వచ్చాడు? ఏ సందు? ముప్పై ఏళ్ళలో ఇంత బాగా ఎన్నడూ చూడలేదు, ఇంత తక్కువగా ఎన్నడూ అర్థం కాలేదు. అరవడానికి నోరు తెరిచాడు. ఎవర్ని అనాలో తెలీక మూసేశాడు. పక్కావిడ అతని భుజం తట్టి, "వచ్చే ఏడాది చూసుకుందాంలే, తాతా," అంది.

శనివారం పొద్దున నీల్ కొట్టుకి వచ్చాడు, తుడుపు పనితో అరచేతులు బొబ్బలెక్కి. ఆర్విన్ రెండు పౌన్లు తూచి, శుభ్రమైన కాగితంలో చుట్టి ఇచ్చాడు. నీల్ పొట్లం తీసుకున్నాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. మూల కొద్దిగా విప్పి లోపల చూశాడు.

"ఏమీ లేదా?" అన్నాడు.

"ఇంక గీయనయ్యా. మీ స్టాల్‌కి తెలిస్తే ఇంకో నెల."

"నిన్న బంతికి అడ్డొచ్చినవాడు ఎటు నుంచి వచ్చాడో చూశారా?"

"చూశాను. ఎదురుగా చూశాను." ఆర్విన్ చేతులు తుడుచుకున్నాడు. "ఎలా వచ్చాడో తెలీలేదు. నీకు?"

"నాకూ తెలీలేదు."

నీల్ వెనక వరసలో నలుగురు నిలబడి ఉన్నారు. గెరాల్డ్ మూడోవాడు. ఆర్విన్ వాళ్ళ వంక చూశాడు, నీల్ వంక చూశాడు. కాగితం చుట్ట నుంచి ఓ బారెడు లాగి, బల్ల మీద పరిచి, పెన్సిలు తీశాడు. మొదటి గుండ్రం గీశాడు.

"ఒకటి," అన్నాడు నీల్, పక్కన వంగి, క్లాసులో చెప్పినట్టు.

"రెండు," అన్నాడు వెనక నుంచి గెరాల్డ్. "నువ్వు గీయరా. పదకొండు దాకా నేను లెక్కపెడతాను."